రెండు చీటీలకు టీకా తాత్పర్యాలు

మా వంటింటి వెనక గదిలో రెండు గాజు డెమిజాన్లున్నాయి. ఒక్కోటి నాలుగున్నర లీటర్లది. వాటి మెడలకు పురికొసతో కట్టిన చీటీల మీది రాత నాదే. చౌటుప్పల్ నుంచి వచ్చి నెల రోజులు మా దగ్గరున్న బాబాయి ఒకరోజు కళ్ళద్దాలు సవరించుకుని వాటిని చదివి, "ఇదేందిరా, మందుల చీటీ లెక్కుంది" అన్నాడు. మేముండేది ఇంగ్లండ్‌కు పడమర అంచున, వేల్స్ సరిహద్దుకు ఆనుకున్న హెరెఫర్డ్‌షైర్‌లో, లెడ్‌బరీకి దగ్గర. ఇక్కడ ఏ దిక్కుకు నడిచినా సైడర్ తోట తగులుతుంది. నాకీ పిచ్చి పట్టి నాలుగేళ్ళయింది. ఆ సాయంత్రం బాబాయికి ఒక్కో ముక్కా విప్పి చెప్పాను. అప్పుడు మరిచిపోయినవి కూడా ఇప్పుడు కలుపుతున్నాను.

మొదటి చీటీ ఇది: "సైడర్. డాబినెట్ 2, బ్రామ్లీ 1. చీజ్ 1. 1.054. క్యాంప్డెన్ 2. ఈస్ట్ లేదు. జనవరి 12 తేట. ఎలుక?"

సైడర్: ఆపిల్ రసం పులిస్తే సైడర్, పియర్ రసం పులిస్తే పెర్రీ. ఇంగ్లండ్‌లో ఇంతే. తిరకాసంతా అమెరికాలో ఉంది. అక్కడ వడగట్టని తియ్యటి రసాన్నే సైడర్ అని పిల్లలకు పోస్తారు. పులిసినది వేరని తెలియడానికి ముందు 'హార్డ్' తగిలిస్తారు. డాలస్‌లో ఉన్న మా చెల్లెలు ఫోన్లో "పిల్లలు రోజూ సైడరే అడుగుతున్నారు" అంటే నాకు గుండె గుభేలుమంది. నీరానూ కల్లునూ ఒకే పేరుతో పిలిస్తే ఎలా ఉంటుందో అలా ఉందిది. "ఎక్సైజోళ్ళు రారా?" అన్నది బాబాయి మొదటి ప్రశ్న. రారు, ఇంట్లో తాగడానికి చేసుకుంటే పన్ను లేదు. అమ్మే సరుకు సంగతి వేరు. బ్రిటన్ పన్ను చట్టం లెక్కలో 35 శాతం రసం ఉంటే చాలు, అది సైడరే. తక్కిన భాగం నీళ్ళతోనూ చక్కెరతోనూ నింపుకోవచ్చు. నా డెమిజాన్‌లో రసం తప్ప మరో చుక్క లేదని చెప్పుకోవడమే నాకున్న గొప్ప. ఒకప్పుడు ఈ తోటల్లో కూలీల జీతంలో కొంత భాగం సైడర్‌గానే కొలిచి ఇచ్చేవారు. 1887లో వచ్చిన చట్టం దాన్ని ఆపేసింది. "మా దిక్కు కోతలప్పుడు కల్లు పోయించినట్టే గదా" అన్నాడు బాబాయి. అట్లాంటిదే. కానీ కల్లు పోయించి కూలి కోసుకుంటే ఎవరూరుకుంటారు?

డాబినెట్ 2, బ్రామ్లీ 1: ఈ టీక మొత్తంలో నేను ఎక్కువసేపు నిలబడేది ఈ మాట దగ్గరే. రెండు బకెట్ల డాబినెట్‌కు ఒక బకెట్ బ్రామ్లీ అని అర్థం. డాబినెట్ పక్క తోట పెద్దాయనది, ముదురు ఎరుపు రంగు చిన్న కాయ. మొదటి ఏడాది ఆయన చేతిలోంచి తీసుకుని మామూలు ఆపిల్ లాగే కొరికాను. ముందు తీపి తగిలింది. రెండు క్షణాల తర్వాత చిగుళ్ళు బిగుసుకున్నాయి, నాలుక మీద గుడ్డ పరిచినట్టయింది, బుగ్గల లోపలి చర్మం పళ్ళకు అతుక్కుంది. పెద్దాయన నవ్వి "బిట్టర్" అన్నాడు. నాకది చేదనిపించలేదు. మా పెరట్లో జామపిందె కొరికితే ఉండేదే అది, వగరు.

ఇక్కడి పుస్తకాల్లో సైడర్ ఆపిళ్ళు నాలుగు జాతులు: స్వీట్, బిట్టర్‌స్వీట్, షార్ప్, బిట్టర్‌షార్ప్. బ్రిస్టల్ దగ్గర లాంగ్ యాష్టన్‌లో 1903లో మొదలైన సైడర్ పరిశోధన సంస్థలో బార్కర్ అనే ఆచార్యుడు చేసిన పంపకం ఇది. రసంలో టానిన్ 0.2 శాతం దాటితే పేరులో 'బిట్టర్' చేరుతుంది, ఆమ్లం 0.45 శాతం దాటితే 'షార్ప్' చేరుతుంది. లెక్క చక్కగానే ఉంది గాని 'బిట్టర్' అన్న మాటే నన్ను రెండేళ్ళు తప్పుదారి పట్టించింది. ఆ సంస్థలోనే పనిచేసిన ఆండ్రూ లీ అనే రసాయన శాస్త్రవేత్త రాసిన పుస్తకం చదివాక గాని ముడి విడలేదు. టానిన్‌లో రెండు గుణాలున్నాయి. చిన్న అణువులు చేదు, వాటిని సైడర్ వాళ్ళు 'హార్డ్' టానిన్ అంటారు. ఒకదానికొకటి తగులుకుని పెద్దవైన అణువులు నోటిని పట్టేస్తాయి, అవి 'సాఫ్ట్' టానిన్. డాబినెట్‌లో పేరున్నది ఆ రెండోదే. ఇంగ్లీషులో ఈ తేడా చెప్పడానికి హార్డ్, సాఫ్ట్ అని అరువు మాటలు తెచ్చుకోవాల్సి వచ్చింది. మనకైతే ఉగాది నాడు పచ్చడి గిన్నెలోనే వేపపువ్వు చేదూ మామిడి పిందె వగరూ వేరువేరుగా నాలుకకు తగులుతాయి. షడ్రుచుల్లో ఒకటిగా లెక్కపెట్టిన రుచిని వీళ్ళు చేదు కింద జమకట్టేశారు! సైడర్ నేర్చుకోవడంలో సగం పని ఈ వగరును పట్టుకోవడమే. అది లేని రసం పులిస్తే పల్చగా, నీళ్ళ మజ్జిగలా ఉంటుంది. సూపర్‌మార్కెట్ ఆపిళ్ళతో నేను చేసిన మొదటి డెమిజాన్ గతి అదే.

మరి బ్రామ్లీ ఎందుకు? డాబినెట్‌లో పులుపు బొత్తిగా లేదు. పులుపు లేని రసంలో పాడుచేసే సూక్ష్మజీవులు హాయిగా కాపురం పెడతాయి. బ్రామ్లీ వంటల ఆపిల్, ఉత్త పులుపు. మామిడికాయ దొరకని ఈ ఊళ్ళో పప్పులోకి మేం వాడేది దాన్నే. మా ఆఫీసులో ఒకావిడ పెరట్లో ఏటా రాలి కుళ్ళిపోయేవి, అడిగితే కారు నిండా ఇచ్చింది.

చీజ్ 1: "ఇందులో చీజ్ గూడ ఏసినవా?" అన్నాడు బాబాయి. వేయలేదు. పళ్ళను కడిగి మరలో నలగ్గొట్టాక వచ్చే గుజ్జును నేరుగా పిండితే రసం దిగదు, ముద్ద జారిపోతుంది. అందుకని చెక్క పలక మీద గుడ్డ పరిచి, గుజ్జు పోసి, నాలుగు మూలలూ మడిచి, పైన మరో పలక పెట్టి, మళ్ళీ గుడ్డ పరుస్తాం. అలా పేర్చిన దొంతర పేరు చీజ్. పూర్వం గుడ్డకు బదులు వరిగడ్డి లాంటి గోధుమగడ్డి, గుర్రపు వెంట్రుకల నేత వాడేవారు. స్క్రూ బిగించకముందే ఆ బరువుకే రసం కారడం మొదలవుతుంది. గోధుమ రంగులో సన్నటి ధార. పదిహేను కిలోల పళ్ళకు నాకు ఎనిమిది లీటర్లు వచ్చింది, మిగిలింది పొడి పిప్పి. ఇనుము, రాగి, సీసం మాత్రం రసానికి తగలనివ్వకూడదు. 18వ శతాబ్దంలో డెవన్ జిల్లాలో సైడర్ తాగేవాళ్ళకు భరించలేని కడుపునొప్పి, పక్షవాతం వచ్చేవి. గానుగల్లో వాడిన సీసమే దానికి కారణమని 1767లో జార్జ్ బేకర్ అనే వైద్యుడు తేల్చాడు. సీసాన్ని తోటల యజమానులు ఎంత వెనకేసుకొచ్చారో చదివితే నవ్వూ వస్తుంది, కోపమూ వస్తుంది.

1.054: హైడ్రోమీటర్ చెప్పిన అంకె. పాలకేంద్రంలో లాక్టోమీటర్ చూసిన వాళ్ళకు వేరే వివరం అక్కర్లేదు. నీళ్ళు 1.000 అయితే చక్కెర ఉన్న రసం అంతకంటే బరువు, గాజు గొట్టం పైకి తేలుతుంది. చక్కెరంతా ఆల్కహాల్‌గా మారి అంకె 1.000కి దిగితే, తేడాను 131తో హెచ్చించుకోవాలి. సుమారు 7 శాతం. బీరు అనుకుని తాగితే పప్పులో కాలేసినట్టే.

క్యాంప్డెన్ 2: రెండు బిళ్ళలు. గ్లోస్టర్‌షైర్‌లో చిప్పింగ్ క్యాంప్డెన్ అనే ఊళ్ళో 1920లలో తయారైన సల్ఫైట్ బిళ్ళకు ఆ ఊరి పేరే నిలిచింది. నాలుగున్నర లీటర్లకు ఒక బిళ్ళ వేస్తే సుమారు 50 పీపీఎం. ఎన్ని వేయాలో రసం పుల్లదనం చెబుతుంది. పీహెచ్ 3.3 లోపుంటే ఒకటి, 3.5 దాకా రెండు, 3.8 దాకా మూడు. అది కూడా దాటితే బిళ్ళలతో లాభం లేదు, పులుపు కలపాల్సిందే. బ్రామ్లీ పుణ్యాన నాది 3.5 దగ్గర ఆగింది.

ఈస్ట్ లేదు: "మరి ఎట్ల పులిసింది?" అని బాబాయి అడగలేదు. కల్లు లొట్టిలో ఎవరు ఈస్ట్ వేశారు గనక! లొట్టి గోడకు పట్టిన నిన్నటి మడ్డే ఇవాళ్టి కల్లును పులియబెడుతుంది. పులియొద్దనుకుంటే లోపల సున్నం పూస్తారు. ఇక్కడా అంతే. పండు తొక్క మీదున్న ఈస్టులు పని మొదలుపెట్టి, ఆల్కహాల్ కాస్త పెరగగానే చచ్చిపోతాయి. గానుగ చెక్కల్లో, గుడ్డల్లో ఏళ్ళ తరబడి కాపురమున్న గట్టి రకం ఆ తర్వాత పని అందుకుంటుంది. సల్ఫైట్ బలహీనులను ఏరేసి ఈ గట్టివాటికి దారి ఇస్తుంది. పాకెట్ ఈస్ట్ వేస్తే పది రోజుల్లో పనైపోతుంది, భయమూ ఉండదు. నాది మొదటి పది రోజులు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది. పదకొండో రోజు రాత్రి డెమిజాన్ మూతికి బిగించిన ఎయిర్‌లాక్‌లో 'టుబుక్' మని మొదటి బుడగ వినిపించినప్పుడు మా ఆవిడ "పామేమో చూడండి" అంది.

జనవరి 12 తేట: అడుగున మడ్డి పేరుకున్నాక పైతేటను రబ్బరు గొట్టంతో మరో డెమిజాన్‌లోకి దించాను. చలికాలమంతా పులియడం నత్తనడక నడవాలి, తొందరపడితే వాసన పోతుంది. దించాక మెడ దాకా నింపాలి. నేను నాలుగు వేళ్ళ ఖాళీ వదిలేశాను. తర్వాతి మాటకు మూలం అదే.

ఎలుక?: ఈ సరదాలో ఉన్న వాళ్ళందరూ భయపడే రోగం. సైడర్ వాసన బాగుంటుంది, నోట్లో బాగుంటుంది. మింగిన కాసేపటికి గొంతు వెనక నుంచి ఎలుకల బోను కంపు లేస్తుంది. లాక్టిక్ బాక్టీరియా, కొన్ని ఈస్టులు గాలి తగిలినప్పుడు చేసే పని ఇది. ఆ కంపునిచ్చే పదార్థం పుల్లటి ద్రవంలో ఆవిరి కాదు, అందుకే గ్లాసులో వాసన రాదు. నోట్లో లాలాజలం పులుపును విరిచాక గాని బయటపడదు. కొందరికి ఎప్పటికీ తెలియదు. అనుమానముంటే గ్లాసులో చిటికెడు వంటసోడా కలిపి వాసన చూడాలి. వక్కాకు సున్నం నమిలే నోటికి ఇంకా త్వరగా తెలియాలని నా ఊహ. బాబాయి కిళ్ళీ మానేసి పదేళ్ళయింది, ఆ పరీక్ష కుదరలేదు. ఒకసారి వచ్చిందంటే మందు లేదు. చీటీ మీద ప్రశ్నార్థకం ఇంకా కొట్టేయలేదు.

రెండో చీటీ చిన్నది: "పెర్రీ. బార్లాండ్. ఒక రాత్రి. 1.058. ఆగింది 1.010. రెండో గ్లాసు వద్దు."

బార్లాండ్: ఇక్కడికి దగ్గర్లోని బోస్బరీలో పుట్టిన పియర్. ఆకలేసిన పంది కూడా దీన్ని ముట్టదని మూడొందల ఏళ్ళ నాటి మాట. కొరికి చూశాను, పందిని తప్పుపట్టలేను. పెర్రీ చెట్లు మే హిల్ అనే కొండ కనబడినంత మేరే బాగా కాస్తాయని ఇక్కడి వాళ్ళ నమ్మకం. చెట్లు మాత్రం మహావృక్షాలు, రెండు మూడు వందల ఏళ్ళు బతుకుతాయి. హోమ్ లేసీ ఊళ్ళోని ఒక పియర్ కొమ్మలు వంగి నేలకు తగిలి వేళ్ళూనుకుని, 1790 నాటికి ముప్పావు ఎకరం పరుచుకుంది, ఐదు నుంచి ఏడు టన్నులు కాసేది. ఆ ముక్క చెప్పగానే బాబాయి పాలమూరు పిల్లలమర్రిని తలుచుకున్నాడు.

ఒక రాత్రి: ఆపిల్ గుజ్జును నేను వెంటనే పిండేశాను. పియర్ గుజ్జును తెల్లారే దాకా బకెట్లోనే ఉంచాను. వగరులో కొంత గుజ్జుకే అంటుకుని ఉండిపోతుంది, రసం కాస్త మెత్తబడుతుంది. వగరును వెతుక్కుంటూ తోటలు తిరిగిన వాణ్ణి, ఇక్కడ వదిలించుకోవడానికి రాత్రంతా కాపలా కాశాను. వగరెక్కువైన పెర్రీలను ఒకదానితో ఒకటి కలిపితే పాలు విరిగినట్టు మబ్బు కడతాయి కూడా.

ఆగింది 1.010: సైడర్ 1.000 దాకా దిగింది, ఇది దిగలేదు. చెడిపోయి కాదు. పియర్‌లో సార్బిటాల్ అనే తీపి ఉంటుంది, ఈస్ట్ దాన్ని తినలేదు. అందుకే పెర్రీ ఎంత పులిసినా అడుగున చిన్న తీపి మిగులుతుంది.

రెండో గ్లాసు వద్దు: ఈస్ట్ తినలేని ఆ తీపిని మన పేగులు కూడా సరిగ్గా పీల్చుకోలేవు. అది నీటిని లాక్కుని, వచ్చిన దారి వదిలి మరో దారిన, పిడుగు వేగంతో వెళ్ళిపోతుంది. ఇది నేను బాబాయికి విడమరిచి చెప్పాను. "ఈతకల్లు మూడు లొట్లు దించినోణ్ణిరా, ఈ ఇంగ్లీషోళ్ళ రసం నన్నేం జేస్తది" అని మూడో గ్లాసు తనే పోసుకున్నాడు. తెల్లారి నేను లేచేసరికి చీటీ మీద 'వద్దు' కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలున్నాయి.