ఓట్ల లెక్కలూ, అనుమానాలూ – కొంత చరిత్ర

2024 సార్వత్రిక ఎన్నికలు ముగిసిన కొద్ది రోజులకు మన సంఘం పెద్దలలో ఒకాయన జుమా నమాజు తరువాత మమ్మల్ని ఆపి అడిగారు. "మాస్టర్ సాబ్, పోలింగు నాడు సాయంత్రం ఒక శాతం చెప్తారు. పది రోజులయినాక ఇంకో శాతం చెప్తారు. మధ్యలో ఆ ఓట్లు ఎక్కడి నుండి వచ్చినయ్? ఇట్లయితే మేము ఎండలో లైన్ కట్టేది దేనికి?" ఆయనకు అప్పటికప్పుడు జవాబు ఇవ్వలేకపోయాము. పిల్లలకు హిసాబ్ నేర్పేవాళ్లము, ఎన్నికల డ్యూటీలు చేసినవాళ్లము, అయినా నోరు పెగలలేదు. ఆ జవాబే ఈ వ్యాసము. కొంచెం ఆలస్యమైనందుకు ఆయన మన్నించాలి.

ముందుగా ఒక విషయం. ఓటింగు శాతం మీద తగాదా ఈవీఎంలతో పుట్టినది కాదు. మొదటి ఎన్నికతోనే పుట్టినది. 1951 అక్టోబరు 25 నుండి 1952 ఫిబ్రవరి 21 వరకు జరిగిన ఆ ఎన్నికలో ఓటర్లు 17,32,12,343 మంది. పడిన ఓట్లు 10,59,50,083. మా బడిలో ఎనిమిదో తరగతి పిల్లవాడిని భాగించమంటే 61 శాతం అని చెబుతాడు. కాని ఎన్నికల కమిషన్ గణాంకాల పుస్తకంలో 44.87 శాతం అని ఉంటుంది. పదహారు శాతం తేడా! ఈ కాలంలో అయితే ఎంత గోల అయ్యేదో ఊహించండి.

ఇందులో మోసం ఏమీ లేదు. ఆనాడు 489 స్థానాలకు ఉన్న నియోజకవర్గాలు 401 మాత్రమే. వాటిలో 86 ద్విసభ్య నియోజకవర్గాలు, ఒకటి త్రిసభ్యం. ద్విసభ్య నియోజకవర్గంలో ఒక్కో ఓటరుకు రెండేసి ఓట్లు. అంటే 10 కోట్ల 59 లక్షలు అన్నది వచ్చిన మనుషుల సంఖ్య కాదు, వేసిన ఓట్ల సంఖ్య. వేయగలిగిన మొత్తం ఓట్లతో భాగిస్తే 45కు దగ్గర వస్తుంది, మనుషుల సంఖ్యతో భాగిస్తే 61 వస్తుంది. పైన ఉన్న అంకె అదే, కింద పెట్టే అంకె మారింది. నల్లగొండలో పి.డి.ఎఫ్. తరఫున నిలిచిన రావి నారాయణరెడ్డి గారికి 3,09,162 ఓట్లు వచ్చినాయనీ, నెహ్రూ గారి 2,33,571 కంటే అవి ఎక్కువనీ మన పెద్దలు ఇప్పటికీ గర్వంగా చెబుతారు. చెప్పుకోవలసిన మాటే. నల్లగొండ ద్విసభ్య నియోజకవర్గమే, నెహ్రూ గారు నిలిచినదీ అటువంటిదే గనుక ఆ పోలిక న్యాయమైనదే. ఏకసభ్య స్థానంలో గెలిచినవారితో పోల్చితే మాత్రం లెక్క తప్పుతుంది. 1961లో చట్టం చేసి ఈ ద్విసభ్య పద్ధతిని తీసివేశారు.

ఆ మొదటి ఎన్నికలో నిజమైన నష్టం ఎవరికీ కనపడని చోట జరిగింది. ఓటర్ల జాబితా రాసేవారు ఇంటికి వస్తే చాలామంది స్త్రీలు తమ పేరు చెప్పలేదు. ఫలానావారి భార్యను, ఫలానావారి కూతురును అన్నారు. కమిషనర్ సుకుమార్ సేన్ ఆ తీరు ఒప్పుకోలేదు, పేరు చెప్పాలన్నారు. చివరికి సుమారు 28 లక్షల మంది స్త్రీల పేర్లు జాబితాలోకి ఎక్కలేదు. వీరు ఏ శాతంలోకీ రారు, ఓటు వేయని వారి లెక్కలోకి కూడా రారు. శాతం అనేది జాబితా మీద కట్టేది. జాబితాలో లేని మనిషి దానికి లేనట్టే.

ఇక మోసం ఆరోపణల సంగతి. 1971లో ఇందిరాగాంధీ గారి పార్టీ ఆవు–దూడ గుర్తుతో 352 స్థానాలు గెలిచినప్పుడు, దక్షిణ ఢిల్లీలో ఓడిన బల్రాజ్ మధోక్ కోర్టుకు వెళ్లారు. బ్యాలెట్ కాగితాలకు ముందే ఏదో రసాయనం పూశారని, ఓటరు వేసిన ముద్ర మాయమై ఆవు–దూడ మీద ముద్ర తేలుతుందని ఆయన వాదన. వినడానికి జాదూ కథలా ఉంది. అయినా సుప్రీంకోర్టు 1972లో నవ్వి ఊరుకోలేదు. కొన్ని బ్యాలెట్లు తీసి పరీక్షించడానికి అనుమతించింది. ఆరోపణ నిలబడలేదు. మాకు నచ్చినది ఆ పద్ధతి. ఆరోపించినవాణ్ణి పిచ్చివాడనలేదు, అన్నదంతా నిజమని నమ్మనూ లేదు. పెట్టె తెరిచి చూశారు.

దీనికి వేరే రకం కేరళలోని పరవూరు. 1982లో అక్కడ 84 పోలింగు కేంద్రాలలో 50 చోట్ల మొదటిసారి ఓటింగు యంత్రాలు పెట్టారు. శివన్ పిళ్లై 123 ఓట్లతో గెలిచారు. ఓడిన ఎ.సి. జోస్ కోర్టుకు పోయారు. యంత్రం మోసం చేసిందని కాదు, యంత్రం వాడడానికి చట్టం లేదని 1984లో సుప్రీంకోర్టు ఆ 50 కేంద్రాలలో ఎన్నిక రద్దు చేసింది. రీపోలింగులో జోస్ గెలిచారు. తరువాత 1989లో చట్టం సవరించారు.

ఆ తరువాతి చరిత్ర చదివితే కాస్త నవ్వు వస్తుంది. 2009లో ఓడినవారి పక్షాన జి.వి.ఎల్. నరసింహారావు 2010లో ఈవీఎంలను తప్పుపడుతూ పుస్తకం రాశారు, దానికి అద్వానీ గారు ముందుమాట రాశారు. 2019లో చంద్రబాబు గారు మరికొన్ని పార్టీలతో కలిసి వీవీప్యాట్ చీటీలను ఎక్కువగా లెక్కించాలని కోర్టుకు వెళ్లారు. 2024లో ఓడిన జగన్ గారు కాగితపు బ్యాలెట్ మేలన్నారు. గెలిచిన సంవత్సరంలో ఎవరూ ఈ మాట ఎత్తరు. అంతమాత్రాన అడిగే ప్రశ్న తప్పయిపోదు. 2019లో కోర్టు ఒక్కో అసెంబ్లీ సెగ్మెంటుకు ఐదు కేంద్రాల చీటీలు లెక్కించమనడం అటువంటి ప్రశ్న వల్లనే.

ఇప్పుడు మా పెద్దాయన ప్రశ్నకు వస్తాము. 2024 ఏప్రిల్ 19న మొదటి విడత పోలింగు. ఆ సాయంత్రం 60 శాతం పైన అన్నారు. ఏప్రిల్ 30న 66.14 అన్నారు. పోలింగు కేంద్రంలో కూర్చున్నవాడికి ఇందులో సగం సంగతి తెలుసు. రెండు గంటలకొకసారి ఫోన్లో చెప్పే అంకె అంచనా మాత్రమే. లైను పెద్దదైతే అది కూడా సరిగా చెప్పలేము. సమయం ముగిసేసరికి లైన్లో ఉన్నవారికి చివరి మనిషి నుండి మొదలుపెట్టి చీటీలు ఇస్తాము, వారందరూ ఓటు వేసేదాకా పోలింగు సాగుతుంది. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో కొన్నిచోట్ల అర్ధరాత్రి దాటింది. పోస్టల్ ఓట్లతో కలిపి అక్కడ 81.86 శాతం తేలింది. కాబట్టి సాయంత్రం తరువాత అంకె పెరగడం సహజము.

కాని పదకొండు రోజులు ఎందుకు పట్టాలి? శాతమే గాని ఓట్ల సంఖ్య ఎందుకు చెప్పలేదు? ఇక్కడ మేము పెద్దాయన పక్షమే. పోలింగు ముగియగానే ప్రిసైడింగు అధికారి ఫారం 17సి నింపి, ఎన్ని ఓట్లు నమోదైనాయో రాసి, అక్కడున్న ఏజెంట్లకు నకలు ఇస్తాడు. అంటే కచ్చితమైన అంకె ఆ రాత్రికే కాగితం మీద ఉంటుంది. కేంద్రాలవారీ లెక్కలు వెంటనే వెల్లడించాలన్న వినతిపై మే 24న సుప్రీంకోర్టు ఎన్నికల మధ్యలో జోక్యం చేసుకోలేదు. మరునాడే కమిషన్ తనంతట తానే ఐదు విడతల ఓట్ల సంఖ్యలు విడుదల చేసింది. ఆ పని మొదటి విడతలోనే చేస్తే సగం పుకార్లు పుట్టేవి కావు. దాచిపెట్టిన లెక్క సరైనదే అయినా జనం దానిని తప్పుడు లెక్క అనే అంటారు.

ఏజెంట్ల నకలు అన్నాము. ఆ నకలు తీసుకోకుండా టీ తాగి ఇంటికి పోయే ఏజెంట్లను ఎందరినో చూశాము. లెక్కింపు నాడు పోల్చి చూడవలసిన కాగితం అదే.

మన బస్తీలలో ఇంకో చిక్కు ఉంది. మహమ్మద్, మొహమ్మద్, ఎం.డి.; షేక్, షైక్; ఉర్దూ పేరు తెలుగు జాబితాలోకి వచ్చేసరికి ఒకే మనిషి ముగ్గురవుతాడు, లేదా ఒక్కడూ కాకుండా పోతాడు. మా పేరే ఒకసారి తండ్రి పేరు కింద, తండ్రి పేరు మా పేరు కింద అచ్చయింది. ఇల్లు మారినవారి పేర్లు, మరణించినవారి పేర్లు అలాగే ఉండిపోతాయి. పట్నాలలో శాతం తక్కువగా కనపడడానికి ఇదీ ఒక కారణము. 2024లో హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో 48.48 శాతం అన్నప్పుడు అది బద్ధకం ఎంత, జాబితా ఎంత అన్నది అంకె చెప్పదు. అట్లని ఊడ్చి పారేసినా ప్రమాదమే. 2025లో బీహారులో సవరణ చేసి ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు తీసివేస్తే, కారణాలతో సహా ఆ పేర్లు ప్రకటించమని ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించింది. జాబితాలో పేరున్నవాడిని, వాడి మాట వినకుండా తీసివేయరాదని 1995లో లాల్‌బాబు హుస్సేన్ కేసులో అదే కోర్టు చెప్పి ఉంది.

ఈ సంగతులన్నీ పెద్దాయన ఇంటికి వెళ్లి చెప్పాము. ఆయన అంతా విని, "అయితే మావి చూడండి" అన్నారు. జాబితా తీసి చూస్తే ఇంట్లో ఆరు ఓట్లకు నాలుగే ఉన్నాయి. పెద్దకోడలి పేరు పుట్టింటి చిరునామాలోనే ఉంది, చిన్నవాడి పేరు అసలు ఎక్కనే లేదు. కోడలికి ఫారం 8, చిన్నవాడికి ఫారం 6 అక్కడే కూర్చుని నింపాము. పేరు అక్షరాలు మాత్రం ఆయన మూడుసార్లు చదివించుకున్నారు.