వడ్రంగి బల్ల కథ

వడ్రంగి పనిబల్ల పైకి చూస్తే నాలుగు కాళ్ల మీద నిలిచిన మందపాటి చెక్క. సామాను పెట్టుకోవడానికి ఏ బల్లయినా సరిపోతుంది. దీని పని కొయ్యను కదలనీయకుండా పట్టడం. పలకకు మూడు వైపులా పని ఉంటుంది: వెడల్పాటి ముఖం, సన్నని అంచు, కోసిన కొస. ముఖాన్ని చిత్రిక పడుతుంటే పలక ముందుకు జారుతుంది. అంచును చిత్రిక పడుతుంటే పక్కకు ఒరుగుతుంది. కొసకు కుసి (బెజ్జంలో దూర్చే నాలుక) కోస్తుంటే నిలువునా ఊగుతుంది. రెండు వేల ఏళ్లలో ఐరోపా వడ్రంగులు ఈ బల్లకు చేసిన మార్పుల్లో చాలావరకు ఈ మూడు కదలికలను అదుపు చేయడానికి చేసినవే. ఇవాళ ఇంటి వెనక గదిలోనో కారు షెడ్డులోనో తనకు సరిపడే బల్ల కట్టుకునే మనిషి తేల్చుకోవలసిన లెక్కలు కూడా ఇవే.

ఇప్పటికి దొరికిన పనిబల్లల్లో బాగా పాతవి జర్మనీలోని జాల్‌బుర్గ్‌వి. అది రోమన్ సామ్రాజ్యపు ఉత్తర సరిహద్దులో ఉన్న కోట. అక్కడి బావుల అడుగున, గాలి సోకని బురదలో, కొయ్య సామాను కుళ్లకుండా నిలిచింది. అందులోనే ఈ బల్లలూ బయటపడ్డాయి. ఇవి క్రీ.శ. రెండో శతాబ్దం నాటివి. నేటి బల్లల్లా నడుము ఎత్తున ఉండవు, మోకాలి ఎత్తే. వడ్రంగి వాటి మీద గుర్రం ఎక్కినట్టు కూర్చోవచ్చు, లేదా పక్కన నిలబడి పలకను మోకాలితో అదిమి పట్టవచ్చు. మనిషి బరువే అక్కడ మొదటి బిగింపు. కాళ్లు కట్టిన తీరు కూడా తేలిక. పై చెక్కకు అడుగున ఏటవాలుగా బెజ్జాలు తొలిచి, గుండ్రంగా చెక్కిన కాళ్లను వాటిలోకి దిగగొడతారు. మనిషి కూర్చున్నకొద్దీ కాలు ఇంకా బిగుసుకుంటుంది.

క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు పూడిపోయిన హెర్క్యులేనియం పట్టణంలో ఒక గోడచిత్రం దొరికింది. రెక్కల పిల్లలిద్దరు బల్ల మీద పలకను పెట్టి రంపంతో కోస్తున్నారు. పద్దెనిమిదో శతాబ్దంలో దాన్ని చెక్కుడు బొమ్మగా అచ్చువేశారు. ఆ బల్లకు తొలిచిన రంధ్రాలలో ఒకదాంట్లో వంకీ తిరిగిన ఇనుప కడ్డీ నిలబడి ఉంటుంది. దాన్ని ఇప్పుడు హోల్డ్‌ఫాస్ట్ అంటున్నారు. ఈ చిన్న పనిముట్టు దగ్గర కాసేపు ఆగడం మంచిది, ఎందుకంటే బల్ల చరిత్రలో ఇంతకన్న చవకగా ఇంత పని చేసింది మరొకటి లేదు.

కడ్డీ కన్నా రంధ్రం ఒక నూలు వెడల్పుగా ఉంటుంది. కడ్డీ అందులో వదులుగా, చేత్తో ఎత్తితే వచ్చేసేలా దిగుతుంది. పైనున్న వంకీ కొసను పలక మీద ఆనించి, వంపు మీద సుత్తితో ఒక్కటి వేస్తారు. కడ్డీ రంధ్రంలో రవ్వంత ఒరిగి, పైన ఒక అంచును, కింద ఎదుటి అంచును ఒరుసుకుని ఇరుక్కుంటుంది. వంకీకి ఉన్న కొద్దిపాటి సాగుడు పలకను కిందికి నొక్కి ఉంచుతుంది. విప్పాలంటే కడ్డీ వీపున వెనక నుంచి ఒక దెబ్బ చాలు. మర లేదు, పిడి లేదు, అరిగే భాగం లేదు. చెక్క మందం తగినంత లేకపోతే మాత్రం ఇది పట్టదు. బల్ల పైచెక్కను మూడు నాలుగు అంగుళాలకు తగ్గించకూడదని పాత పనివాళ్లు పట్టుబట్టడానికి ఇదీ ఒక కారణం.

పొట్టి బల్ల మధ్యయుగాల్లోనూ నిలిచింది. దాని పక్కన ఎత్తు బల్ల నెమ్మదిగా చోటు సంపాదించింది. ఈ మార్పుకు కారణం చేసే వస్తువులు మారడం. గొడ్డలితో చీల్చిన దూలాల స్థానంలో రంపపు మిల్లుల నుంచి పలకలు ఎక్కువగా రావడం, చట్రంలో పలకను బిగించిన పెట్టెలు, తలుపులు, బీరువాలు వాడుకలోకి రావడంతో చిత్రికకు పని పెరిగింది. పొడవాటి పలకను గంటల తరబడి చిత్రిక పట్టాలంటే చేతుల బలం చాలదు. నిలబడి, కాళ్ల నుంచి తోపు తెచ్చుకోవాలి. అందుకు తొడల ఎత్తు బల్ల కావాలి. అలా లేచి నిలబడ్డాక కూర్చుని అదమడానికి వీల్లేకపోయింది. అప్పటిదాకా ఒంటి బరువు చేసిన పనిని ఇక బల్లే చేయాల్సి వచ్చింది.

ఆ అవసరానికి మర అక్కరకొచ్చింది. ద్రాక్ష, ఆలివ్ గానుగల్లో కొయ్య మరలు అంతకు ముందే ఎన్నో శతాబ్దాలుగా తిరుగుతున్నాయి. న్యూరెంబర్గ్‌కు చెందిన మార్టిన్ లోఫెల్‌హోల్జ్ 1505లో గీయించిన పనిముట్ల పుస్తకం ఇప్పుడు పోలండ్‌లోని క్రాకోవ్‌లో, యాగెల్లోనియన్ గ్రంథాలయంలో ఉంది. అందులోని ఒక బల్లకు ముందు పక్కన ఒకటి, కొసన ఒకటి మర తిప్పితే బిగిసే పట్లు, అంటే వైస్‌లు, కనిపిస్తాయి. కొసనున్న వైస్ పలకను రెండు చీలల మధ్య నిలువుపొడవున బిగిస్తుంది కాబట్టి, పైన ఏ అడ్డూ లేకుండా ముఖమంతా చిత్రిక నడపవచ్చు. జర్మన్, స్కాండినేవియన్ దేశాల బల్లలు ఈ దారినే పట్టాయి. ఫ్రాన్స్, ఇంగ్లండ్ వడ్రంగులు మాత్రం మరో రెండు వందల ఏళ్ల పైచిలుకు ఎక్కువగా చీలలతో, హోల్డ్‌ఫాస్ట్‌లతోనే సరిపెట్టుకున్నారు. ఫ్రాన్స్‌లో ఫెలిబియాఁ అనే రచయిత 1676లో వేసిన బల్ల బొమ్మను ఆ తరవాత కొద్ది ఏళ్లకే ఇంగ్లండ్‌లో జోసెఫ్ మాక్సన్ తన వృత్తి విద్యల పుస్తకంలో చాలావరకు అలాగే ఎత్తి వేసుకున్నాడు. పుస్తకాలు చూసి బల్ల కట్టే అలవాటుతో పాటు, చూసి రాసే అలవాటు కూడా అంత పాతదే.

ఈ కథలో పెద్ద పేరు ఆంద్రే జాకబ్ రూబో. 1739లో పారిస్‌లో పుట్టాడు, తండ్రి కూలికి పనిచేసే వడ్రంగి. వాస్తుశిల్పి బ్లాండెల్ ఆ కుర్రవాడి చురుకు చూసి ఫీజు లేకుండా చదువు చెప్పాడు. ఫ్రెంచ్ సైన్స్ అకాడమీ అన్ని వృత్తులనూ వివరిస్తూ వెలువరిస్తున్న గ్రంథమాలలో వడ్రంగం భాగం రూబోకు వచ్చింది. 1769 నుంచి 1775 వరకు అది సంపుటాలుగా వెలువడింది. ఆ మాలలో తక్కిన వృత్తుల గురించి రాసినవారిలో చాలామంది పనిముట్టు పట్టని పండితులు. రూబో పనివాడు, పైగా బొమ్మలు గీయగలవాడు. పుస్తకం విలువంతా అక్కడే ఉంది. తరవాత 1780లలో పారిస్ ధాన్యపు బజారు మీద కట్టిన పెద్ద కొయ్య గుమ్మటం పని కూడా అతని చేతి మీదే జరిగింది. ఆ గుమ్మటం 1802లో కాలిపోయింది. పుస్తకం మిగిలింది.

రూబో బల్ల పైచెక్క ఒకే పలక. బీచ్ లేదా ఎల్మ్ కొయ్య, మందం 5 నుంచి 6 అంగుళాలు, వెడల్పు 20 నుంచి 24, పొడవు 6 నుంచి 12 అడుగులు. తొమ్మిదడుగులది ఎక్కువగా వాడకంలో ఉందని చెబుతాడు. ఆ లెక్కన పైచెక్క ఒక్కటే నూట యాభై కిలోలకు పైన తూగుతుంది. చిత్రిక ఎంత బలంగా తోసినా అది జరగదు. కాళ్లు ఓక్ కొయ్య. ప్రతి కాలికీ పైన రెండు నాలుకలు ఉంటాయి. లోపలిది మామూలు కుసి, బయటిది పావురం తోకలా విచ్చుకున్న డవ్‌టెయిల్ ఆకారం. రెండూ పైచెక్కను ఆసాంతం తొలుచుకుని పైకి వచ్చి దాని ముఖంతో సమంగా నిలుస్తాయి. పైచెక్కకూ కాళ్లకూ మధ్య చట్రం, పైన బిగించే మరలు ఏవీ లేవు.

ఆ నిర్మాణంలో ఒక కిటుకు ఉంది. కాళ్ల ముందు ముఖం, పైచెక్క ముందు అంచు ఒకే మట్టంలో ఉంటాయి. అంటే బల్ల ముందు వైపంతా ఒక నిలువు గోడ. పొడవాటి తలుపు పలకను అంచు మీద నిలబెడితే దాని ముఖం పైన పైచెక్కకు, కింద కాళ్లకు ఆనుతుంది. ఎడమ వైపు కొక్కెంలాంటి అడ్డుచెక్క ముందుకు జారకుండా ఆపుతుంది. కుడి కాలికి తొలిచిన రంధ్రంలో హోల్డ్‌ఫాస్ట్ వేస్తే ఆ కొస ఒరగదు. పైచెక్క ముందుకు పొడుచుకు వచ్చి, కాళ్లు లోపలికి ఉన్న అందమైన బల్లల మీద ఇదే పని చేయాలంటే అడుగడుగునా ఊతకర్రలు వెతుక్కోవాలి. ముఖాన్ని పట్టడానికి బల్ల ఎడమ కొసన ఇనుప పళ్లున్న చదరపు కొయ్య మొద్దు ఒకటి ఉంటుంది. సుత్తితో కింద నుంచి కొడితే పైకి లేస్తుంది, పైన కొడితే దిగుతుంది. పలక కొస ఆ పళ్లకు తగిలి ఆగుతుంది. ఈ బల్లకు కొస వైస్ లేనిది రూబోకు జర్మన్ బల్ల తెలియక కాదు, తరవాతి సంపుటంలో దాని బొమ్మా ఇచ్చాడు. సన్నపని చేసే బీరువా పనివాళ్లకు కొస వైస్ మేలు, తలుపులూ కిటికీలూ చేసేవాళ్లకు సాదా బల్ల మేలు. వచ్చే పనిని చూసి బల్ల కట్టాలన్న మాట రూబో పుస్తకంలో సూత్రంగా లేకపోయినా, బొమ్మల్లో స్పష్టంగా ఉంది.

ఇంగ్లండ్‌లో పరిస్థితి వేరు. అంత మందం పలకలు దొరకడం కష్టం, బాల్టిక్ తీరం నుంచి దిగుమతయ్యే దేవదారు జాతి మెత్తకొయ్య మాత్రం సులువుగా దొరికేది. పీటర్ నికల్సన్ 1812లో అచ్చువేసిన పుస్తకంలోని బల్లకు పైచెక్క పలుచన. ముందు వైపు నిలువుగా వెడల్పాటి పలక ఒకటి బిగించి ఉంటుంది. ఊగకుండా ఆపే బలం దాని నుంచే వస్తుంది. ఆ ముందు పలక నిండా రంధ్రాలు తొలిచి, కావలసిన చోట చీల దూర్చి, పొడవు పలకలను దాని మీద ఆనిస్తారు. దీన్ని రూబో బల్లకు పేద చుట్టంగా చూడటం వాడుకైపోయింది. అది అన్యాయం. చవక కొయ్యతో రెండు మూడు రోజుల్లో కట్టుకోగలిగి, ఇల్లు కడుతున్న చోటికి మోసుకుపోగలిగిన బల్ల ఇది.

1828లో అమెరికాలో విలియం వుడ్‌వర్త్ చిత్రిక పట్టే యంత్రానికి పేటెంటు పొందాడు. ఆ శతాబ్దం గడిచేసరికి పలకలు మిల్లులోనే నున్నగా తయారై రావడం మామూలైంది. ఇనుప వైస్‌లు చవకయ్యాయి. చేత్తో చిత్రిక పట్టే అవసరం తగ్గేసరికి ఫ్యాక్టరీల్లో పనిబల్ల విడిభాగాలు కూర్చే బల్లగా మిగిలిపోయింది. పైచెక్క పలచబడింది, అడుగున సొరుగులు వచ్చాయి, హోల్డ్‌ఫాస్ట్ రంధ్రాలు పోయాయి. ఇరవయ్యో శతాబ్దంలో దుకాణాల్లో దొరికిన బల్లలు చాలావరకు ఈ కోవవే. గట్టిగా చిత్రిక తోస్తే బల్లే నడుస్తుంది.

పాత బల్ల ఆనవాళ్లు బడుల్లో మిగిలాయి. ఫిన్లాండ్‌లో ఊనో సిగ్నేయస్ కృషితో 1866లో చేతిపని పాఠశాల విద్యలో భాగమైంది. స్వీడన్‌లో ఆటో సాలమన్ నేస్ అనే ఎస్టేటులో 1870లలో మొదలుపెట్టిన ఉపాధ్యాయ శిక్షణ కేంద్రానికి అనేక దేశాల నుంచి టీచర్లు వచ్చారు. అక్కడ వైస్‌లున్న చిన్న బల్లలు పిల్లల ఎత్తుకు తగ్గట్టు ఉండాలన్నది నియమం. వృత్తి కోసం కాకుండా అలవాటు కోసం, ఆనందం కోసం వడ్రంగం నేర్చుకునే మనిషి ఇక్కడి నుంచే తయారయ్యాడు.

ఆ మనిషికి మాత్రం ఇంట్లో చోటు లేదు. దక్షిణాఫ్రికాలో పుట్టి ఇంగ్లండ్‌లో లోటస్ కార్లు రూపొందించిన రాన్ హిక్‌మన్ 1960ల మొదట్లో బట్టల బీరువా చేసుకుంటూ, ఊతగా పెట్టుకున్న మంచి కుర్చీని రంపంతో కోసేశాడు. ఆ నష్టం నుంచి పుట్టిందే మడత బల్ల వర్క్‌మేట్. పైచెక్క రెండు ముక్కలు, పిడులు తిప్పితే అవే దగ్గరికొచ్చి కొయ్యను కరుస్తాయి. అంటే బల్లంతా ఒక వైస్. మొదట పెద్ద కంపెనీలు వద్దన్నాయి. హిక్‌మన్ కొన్నేళ్లు సొంతంగా చేసి అమ్మాడు. 1970ల తొలినాళ్లలో బ్లాక్ అండ్ డెకర్ దాన్ని చేపట్టాక అమ్మకాలు కోట్లకు చేరాయి. తేలిక దాని సుగుణం, లోపమూ అదే. డ్రిల్లుకు, రంపానికి బాగుంటుంది. చిత్రికకు నిలవదు.

చేతి పనిముట్ల మీద మక్కువ అమెరికాలో 1970లలో తిరిగి పుంజుకుంది. 1975లో ఫైన్ వుడ్‌వర్కింగ్ పత్రిక మొదలైంది. డెన్మార్క్ నుంచి వెళ్లిన టాగె ఫ్రిడ్ తన స్కాండినేవియన్ బల్లను అందులో పాఠంగా ఇచ్చాడు. 1987లో స్కాట్ లాండిస్ పనిబల్లల మీద ఒక పుస్తకమే వేశాడు. 2007లో ఇదే విషయం మీద క్రిస్టఫర్ ష్వార్జ్ పుస్తకం వచ్చాక రూబో, నికల్సన్ బల్లలు వేల ఇళ్ల గ్యారేజీల్లో మళ్లీ లేచాయి. ఆరంగుళాల ఏకపలక అందరికీ దొరకదు కాబట్టి, ఇంటి పైకప్పులకు వాడే పైన్ కర్రలను పక్కపక్కన అతికి మందం తెచ్చారు. ఎత్తుకు పాత గుర్తునే తీసుకున్నారు. నిటారుగా నిలబడి చేతులు వేలాడేస్తే అరచేయి బల్ల మీద చదునుగా ఆనాలి. విద్యుత్ పనిముట్లతో ఎక్కువ పని ఉంటే ఇంకొంచెం ఎత్తు, చిత్రిక పని ఎక్కువుంటే ఇంకొంచెం తక్కువ.

తెలుగు నేల మీద వడ్రంగం చాలావరకు నేల మీద కూర్చుని చేసిన పని. కాలి బొటనవేలు, మడమ కలిసి వైస్‌గా పనికొస్తాయి. నాగలి, బండి చక్రం, ద్వారబంధం వంటి వాటికి బాడిసతో చెక్కుడు పని ఎక్కువ, దానికి ఒక గట్టి మొద్దు చాలు. పైగా వడ్రంగి రైతు ఇంటికో కల్లానికో సంచితో వెళ్లి పనిచేసేవాడు, నూట యాభై కిలోల బల్ల వెంట వచ్చేది కాదు. జపాన్ వడ్రంగులూ ఇలాగే బల్ల లేకుండా, వాలుగా ఆనించిన దూలం మీద చిత్రికను తమ వైపు లాగుతూ గొప్ప పని చేశారు. బల్ల లేకపోవడం నేర్పు లేకపోవడం కాదని ఈ రెండూ చూపుతాయి. వైస్ ఉన్న ఎత్తు బల్ల ఇక్కడికి రైల్వే వర్క్‌షాపులు, సాంకేతిక పాఠశాలల ద్వారా వచ్చింది. 1950లో మొదలైన వృత్తి శిక్షణ పథకం కింద ఐటీఐల కార్పెంటర్ తరగతుల్లో స్థిరపడింది. ఊళ్లలో ఫర్నిచర్ పనికి వచ్చేవాళ్లు ఇప్పటికీ పనిచేసే ఇంట్లోనే ప్లైవుడ్ ముక్కలతో తాత్కాలికంగా బల్ల కట్టుకుని, పని అయ్యాక విప్పేస్తారు.

ఇక్కడ ఇంట్లో శాశ్వతంగా బల్ల కట్టుకునేవారికి బీచ్, మేపుల్ అక్కర్లేదు. బండిచక్రాలకు వాడిన నల్లతుమ్మ బరువుకీ గట్టిదనానికీ సరిపోతుంది, కోయడమే కష్టం. టేకు స్థిరంగా ఉంటుంది గాని ఖరీదు. ఏ కొయ్య అయినా బాగా ఆరినదై ఉండాలి. పక్కపక్కన అతికిన పైచెక్క వేసవిలో కుంచించుకుని వానల్లో ఉబ్బుతుంది. అందుకని దాన్ని అన్ని వైపులా మరలతో బిగించేయకుండా వెడల్పున కొద్దిగా జరిగే వీలు ఉంచుతారు. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచాక పైభాగాన్ని మళ్లీ చిత్రిక పట్టి చదును చేస్తారు.