తరంగంబాడి : బంగారు రేకుమీఁది తెలుఁగు చేవ్రాలు

చోళమండల తీరమునఁ గారైకాలునకుఁ గొంచె ముత్తరముగాఁ దరంగంబాడి యను చిన్న పట్టణము గలదు. పాశ్చాత్యులు దీనిని ట్రాంకేబారని పిలిచిరి. నేఁ డిది తమిళనాటి మయిలాడుదురై జిల్లాలోనిది. ఒకప్పు డిది ప్రాకారపరివేష్టితమైన రేవుపట్టణము; 1620 మొదలు 1845 వఱకు, అనఁగా 225 ఏండ్లు, డేన్మార్కు దేశీయుల వర్తకమునకు స్థానము. నాయకరాజుల కాలమునఁ గావేరీతీరమునకుఁ దరలివచ్చి యచటనే స్థిరపడిన యాంధ్రకుటుంబములకు ఈ యూరితోడి సంబంధ మెట్టిదో సోదరులకును, సంఘపోషకులకును విన్నవించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

డేన్మార్కు ప్రభువగు నాలుగవ క్రిస్టియను 1616 లో నొక వర్తకసంఘమునకు ననుమతిపత్ర మొసంగెను. 1618 లో బయలుదేఱిన నౌకలకు నాయకుఁడైన ఓవె గ్యెద్దె 1620 నవంబరులోఁ దంజావూరి రఘునాథనాయకునితో నొడంబడిక చేసికొని, యీ రేవునఁ గోట కట్టుకొనుట కనుమతి వడసెను. రఘునాథుఁడు సామాన్యప్రభువు గాఁడు. రామాయణమును దెలుఁగున రచించిన కవి, వీణావాద్యప్రవీణుఁడు. ఆయన యేలిన దేశము తమిళదేశము. ఆయన కొలువు తెలుఁగుకొలువు. డేన్మార్కు రాజునకు బంగారు రేకుపై వ్రాయించి యాయన పంపిన లేఖ కోపెన్‌హాగెను నగరమందలి ప్రభుత్వ పత్రభాండాగారమున నేఁటికిని భద్రముగా నున్నది. లేఖ తమిళము, దానిక్రింద రాజుయొక్క చేవ్రాలు తెలుఁగు. ప్రజల భాషయుఁ, బ్రభువు భాషయు నొక్క రేకుమీఁదఁ గలహములేక కూర్చున్నవి.

పడమటినుండి వచ్చు యాత్రికునకు మొట్టమొదటఁ గానవచ్చునది 1792 లోఁ గట్టిన కోటవాకిలి. వాకిలి నిలిచినది గాని గోడ చాలవఱకు మాసిపోయినది. లోనికిఁ జొచ్చిన రాజవీథి తిన్నగా సముద్రమువైపునకుఁ బోవును. ఆ వీథిలో 1701 నాఁటి సీయోను ప్రార్థనామందిరమును, 1718 నాఁటి నూతన యెరూషలేము మందిరమును గలవు. తీరమునఁ డాన్స్‌బోర్గు కోట యున్నది. దానిలో నిప్పుడు ప్రదర్శనశాల గలదు. కోట కుత్తరమునఁ బాండ్యులనాఁటి మాసిలామణినాథస్వామి యాలయము. దాని ముందుభాగమును సముద్రము క్రమక్రమముగా మ్రింగివైచినది.

ఈ పట్టణమునకు గోడ యేర్పడిన వృత్తాంతము వినఁదగినది. 1640 ప్రాంతమునుండి 1669 వఱకు డేన్మార్కునుండి యొక్క యోడయైన రాలేదు. ఉన్నవారిలోఁ గొందఱు మరణించిరి, కొందఱు వెడలిపోయిరి. తుదకు ఎస్కిల్డ్ ఆండర్సన్ కోంగ్స్‌బక్కె యను నొక్క డేనుదేశీయుఁడు మాత్రము మిగిలెను. అతఁడు స్థానికులను దోడుచేసికొని, తంజావూరి సేనల ముట్టడి కాఁగి, యూరిచుట్టును గోడ పెట్టించెను. ఒక తరమువారు చేవ్రాలు చేసి యిచ్చిన రేవును మఱుతరమువారే ముట్టడించుట కాలమహిమ గాక మఱేమి?

అట్టి గోడయు నూరిని రక్షింపఁజాలదయ్యెను. 1808 లో నాంగ్లేయులు దీనిని బట్టుకొని 1815 వఱకుఁ దమచేతనుంచుకొనిరి. 1845 లో డేన్మార్కువారు తరంగంబాడిని, వంగదేశమందలి శ్రీరామపురముతోఁ గూడఁ, బండ్రెండున్నర లక్షల రూపాయలకు నాంగ్లేయుల కమ్మివేసిరి. 1861 లో నాగపట్టణమునకు రైలుమార్గము రాఁగాఁ దరంగంబాడి రేవునకుఁ బని తగ్గెను. 2004 డిసెంబరు 26 వ తేదీనాఁటి సునామీ యీ తీరమును దారుణముగాఁ గొట్టెను.

గోడ పోయినను నిలిచిన దేమి? అక్షరము నిలిచినది. 1706 లో నిచటికి వచ్చిన సీగన్‌బల్గు పండితుఁడు తమిళము నేర్చి, ముద్రాయంత్రమును దెప్పించి, 1713 నుండి తమిళపుస్తకముల నచ్చొత్తించెను. 1719 లో వచ్చిన బెంజమిను షుల్జి యిచటఁ దమిళ మభ్యసించి, 1726 లో మదరాసునకుఁ బోయి తెలుఁగు నేర్చి, 1728 లోఁ దెలుఁగు వ్యాకరణము వ్రాసెను. జర్మనీలోని హాలె నగరమున 1746 లో నచ్చువడిన యతని పుస్తకములే తెలుఁగునఁ దొలి యచ్చుపుస్తకములు. వారి మతప్రచారమును గూర్చి యెవరి యభిప్రాయ మెట్లున్నను, భాషకు జరిగిన మేలు కాదనరాదు.

ఇఁక మన సంగతి. దక్షిణదేశమున మన యిండ్లలోఁ దెలుఁగు వినఁబడుచునేయున్నది. కాని మాటలాడు పిల్లలలో ననేకులకుఁ దెలుఁగక్షరములు రావు. తాతలనాఁటి తాటాకు పుస్తకములు, దానపత్రములు, క్రయపత్రములు అటకలమీఁదఁ జెదలపాలగుచున్నవి. పరదేశీయులు మన రాజు చేవ్రాలును నాలుగువందలయేండ్లు కాపాడిరి. మన తాతల చేవ్రాలును మనము కాపాడుకొనలేమా?

కావున సంఘమువారు వార్షికసభలోఁ దీర్మానములు చేయుటతోఁ దృప్తినొందక, యూరూర నొక్కొక్కరిని నియమించి, యింటింటనున్న పాతపత్రములకుఁ బట్టిక వ్రాయింపవలెను. శిథిలమైనవానికిఁ బ్రతులు దీయింపవలెను. పోషకులు వీని నుంచుట కొక గదియుఁ, బిల్లలకు సెలవుదినములలోఁ దెలుఁగక్షరములు నేర్పుట కొక యుపాధ్యాయుని జీతమును సమకూర్పవలెను. పత్రము దక్కియుఁ జదువువాఁడు లేకున్న నది వట్టి రేకే యగును. రేకును, దానిని జదువఁగల కన్నును మన యింటనే యుండవలెనని సవినయముగాఁ బ్రార్థించుచున్నాను.