పెరటి కోడికి పారుడు పట్టిందా? ఇంట్లో ఏం చేయొచ్చు, ఎక్కడ ఆగాలి?

పొద్దున్నే గంప ఎత్తగానే మిగతా కోళ్లన్నీ పెంటకుప్ప వైపు పరుగు తీస్తాయి. ఒక పెట్ట మాత్రం రెక్కలు వేలాడేసి, కళ్లు మూసుకుని అక్కడే కునుకుతూ ఉంటుంది. వెనక ఈకలకు రెట్ట అట్టగట్టి ఉంటుంది. పెరట్లో కోళ్లు పెంచే ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు కనిపించే దృశ్యమే ఇది.

ఆ తర్వాత జరిగేది కూడా చాలాచోట్ల ఒకటే. ఒకరు వెల్లుల్లి నూరి పెట్టమంటారు. ఇంకొకరు మెడికల్ షాపు నుంచి తెచ్చిన యాంటీబయాటిక్ గొట్టం విప్పి సగం పొడి నీళ్లలో కలపమంటారు. ఇంటి పెద్ద మాత్రం అది చచ్చేలోపే కోసేద్దామంటాడు. వీటిలో మొదటిదానితో పెద్దగా హాని లేదు. మిగతా రెండింటితో ఉంది.

2019 పశుగణన ప్రకారం దేశంలో ఉన్న సుమారు 85 కోట్ల కోళ్లు, బాతుల్లాంటి పెంపుడు పక్షుల్లో దాదాపు 31.7 కోట్లు పెరట్లో పెరిగేవే. 2012తో పోలిస్తే ఇది దాదాపు 46 శాతం ఎక్కువ. చాలా ఇళ్లలో గుడ్లు, కోళ్లు అమ్మగా వచ్చే డబ్బు ఆడవాళ్ల చేతిలో ఆడే కొద్దిపాటి సొమ్ము. అయినా ఒక్క కోడి కోసం పశువైద్యుడి దాకా వెళ్లేవాళ్లు తక్కువ. రానుపోను ఖర్చు కోడి ధరను మించిపోతుందన్నది వాళ్ల లెక్క. ఆ లెక్క తప్పని చెప్పలేం. అందుకే ఇంట్లో చేయగలిగేది ఏమిటో, చేయకూడనిది ఏమిటో తెలియడం ముఖ్యం.

ముందు గంప వేరు చేయాలి

జబ్బేమిటో తెలియకముందే చేయాల్సిన పని ఒకటుంది. నలతగా ఉన్న కోడిని మిగతావాటి నుంచి వేరు చేసి, గాలి వెలుతురు ఉన్న మూలన వేరే గంప కింద ఉంచాలి. దాని నీళ్ల గిన్నె, మేత గిన్నె కూడా వేరుగా ఉండాలి. మంచి కోళ్లకు మేత వేశాకే దీని దగ్గరకు రావాలి, తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి. కోళ్ల పేగు జబ్బుల్లో ఎక్కువ భాగం రెట్ట పడిన నీళ్లు, మేత ద్వారానే వ్యాపిస్తాయి కాబట్టి మందు కంటే ఈ పనికే ఎక్కువ ఫలితం ఉంటుంది.

అడుగున పాత న్యూస్‌పేపర్ పరిస్తే రెట్ట స్పష్టంగా కనిపిస్తుంది. కోడి జబ్బు గురించి ఇంట్లోవాళ్లకు దొరికే సమాచారంలో సగం ఆ కాగితం మీదే ఉంటుంది.

రెట్టను ఎలా చూడాలి?

ఆరోగ్యంగా ఉన్న కోడి రెట్ట కాస్త గట్టిగా, గోధుమ రంగులో, పైన తెల్లటి పూతతో ఉంటుంది. ఆ తెలుపు యూరిక్ ఆమ్లం. పక్షులకు విడిగా మూత్రం ఉండదు, అంతా కలిసే వస్తుంది. రోజులో కొన్నిసార్లు ముదురు రంగులో, జిగటగా, ముక్కు మూసుకునేంత కంపుతో కూడా వేస్తుంది. పెద్దపేగు మొదట్లో ఉండే రెండు గుడ్డిపేగులు ఖాళీ అయినప్పుడు వచ్చే రెట్ట అది. కొత్తగా కోళ్లు పెంచేవాళ్లు దాన్ని చూసి పారుడనుకుంటారు. కానీ అది మామూలే.

ఎండాకాలంలో రెట్ట పలచబడటం కూడా అన్నిసార్లూ జబ్బు కాదు. కోడి ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల సెల్సియస్ పైన ఉంటుంది. చెమట పట్టదు కాబట్టి నోరు తెరిచి వగరుస్తూ, నీళ్లు ఎక్కువగా తాగుతూ చల్లబడుతుంది. తాగిన నీళ్లలో కొంత రెట్టతో పోతుంది. కోడి చురుగ్గా తిరుగుతూ మేత తింటుంటే నీడ, చల్లటి నీళ్లు చాలు.

పచ్చటి రెట్ట వస్తే అది చాలాసేపుగా ఏమీ తినలేదని అర్థం కావొచ్చు. పైత్యరసం ఒక్కటే బయటికొస్తే ఆ రంగు వస్తుంది. ఆకుపచ్చ, తెలుపు కలిసిన నీళ్ల విరేచనాలకు తోడు గురక, మెడ వంకర ఉంటే మాత్రం విషయం వేరు. రక్తం కనిపించినా అంతే. వాటి గురించి కింద చూద్దాం.

ఒక్కోసారి కోడి రెట్ట కోసం ముక్కుతున్నట్టు కనిపిస్తుంది గానీ అడ్డుపడింది గుడ్డు అయి ఉంటుంది. తోక దించి, నిక్కి నిలబడి, పదేపదే గూడులోకి వెళ్లొస్తుంటే దాన్నే అనుమానించాలి. గోరువెచ్చని నీళ్ల తొట్టిలో పొట్ట మునిగేలా పావుగంట నిలబెడితే కొన్నిసార్లు గుడ్డు జారుతుంది. లోపల గుడ్డు పగిలితే ప్రాణానికే ముప్పు, కాబట్టి పొట్ట నొక్కకూడదు.

మెడ కింద సంచిని తడిమి చూస్తే

కోడి మింగిన గింజలు నేరుగా కడుపులోకి పోవు. మెడ కింద, రొమ్ము పైభాగాన ఉన్న మేతసంచిలో నిలిచి నాని, ఆ తర్వాత కందనకాయలోకి వెళ్తాయి. పళ్లు లేని కోడికి కందనకాయే తిరగలి. కోడి మింగిన చిన్న రాళ్లే అందులో గింజలను నూరుతాయి. రాళ్లు దొరకని సిమెంటు పెరళ్లలో అజీర్తికి ఇదొక కారణం. గుప్పెడు ముతక ఇసుక పెడితే ఖర్చు లేకుండా ఆ లోటు తీరుతుంది.

రాత్రి నిండుగా ఉన్న మేతసంచి తెల్లారేసరికి ఖాళీ కావాలి. మేత వేయకముందు తడిమితే ఇంకా గట్టిగా ముద్దలా తగిలిందంటే అడ్డుపడిందని అర్థం. పొడవాటి గడ్డి, గోనె పీచు, ప్లాస్టిక్ ముక్కలు చిక్కుకుంటే ఇలా అవుతుంది. అప్పుడు గింజలు పూర్తిగా ఆపి నీళ్లే ఇవ్వాలి. కొన్ని చుక్కల వంటనూనె నాలుక మీద వేసి, సంచిని వేళ్లతో మెల్లగా, రోజుకు మూడు నాలుగుసార్లు, ఐదేసి నిమిషాలు మర్దన చేయొచ్చు. ఒక రోజులో కరగకపోతే లోపలున్నది పీచో ప్లాస్టిక్కో అయి ఉంటుంది. దాన్ని పశువైద్యుడు చిన్న కోతతో తీయాల్సిందే. ఇంట్లో బ్లేడుతో చేసే ప్రయత్నాలు కోడిని చిత్రహింస పెట్టడమే.

అదే సంచి మెత్తగా, నీళ్ల బుడగలా ఊగుతూ, నోటి నుంచి పులిసిన వాసన వస్తుంటే ఎక్కువగా ఈస్ట్ పెరిగిందని అనుమానించాలి. ఇలాంటప్పుడు కోడిని తలకిందులుగా పట్టుకుని కక్కించడం కొన్నిచోట్ల అలవాటు. అలా చేస్తే బయటికొచ్చిన ద్రవం శ్వాసనాళంలోకి పోయి కోడి అక్కడికక్కడే చావొచ్చు.

నోట్లో నీళ్లు పోయడంలోనూ ఇదే ప్రమాదం ఉంది. కోడి శ్వాసనాళం రంధ్రం నాలుక మొదట్లోనే తెరుచుకుని ఉంటుంది. ముక్కు తెరిచి గబగబా పోస్తే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. ముక్కు పక్కగా ఒక్కో చుక్క వేసి, అది మింగాకే రెండో చుక్క వేయాలి.

నీళ్లు, వెచ్చదనం, మెత్తని మేత

పారుడు పట్టిన కోడి ఎక్కువగా చచ్చేది ఒంట్లో నీరు తగ్గిపోయే. మనుషులు వాడే ఓఆర్ఎస్ పనికొస్తుంది గానీ, పక్షులు ఉప్పును మనలా తట్టుకోలేవు. లీటరు ప్యాకెట్‌ను రెండు లీటర్ల నీళ్లలో కలిపి, పక్కనే మామూలు నీళ్లు కూడా పెట్టి, ఒకటి రెండు రోజులు ఇవ్వొచ్చు. మేతగా మెత్తగా వండిన నూకలు, చిదిమిన ఉడికించిన గుడ్డు సరిపోతాయి. బూజు పట్టిన గింజలు, పులిసిన అన్నం తీసేయాలి. పెరుగు ఒక చెంచా పర్వాలేదు. పాలు మాత్రం వద్దు, వాటిలోని చక్కెరను కోడి అరిగించుకోలేక పారుడు ఎక్కువవుతుంది. వెనక అట్టగట్టిన రెట్టను గోరువెచ్చని నీళ్లతో కడిగి తుడవకపోతే అక్కడ ఈగలు వాలి పురుగులు పడతాయి.

పసుపు, వెల్లుల్లి, వేపాకు మేతలో కొద్దిగా కలిపితే నష్టం లేదు. కానీ వాటిని నమ్ముకుని రెండు రోజులు ఎదురుచూడటం వల్ల చాలా కోళ్లు పోతాయి.

రక్తం కనిపిస్తే

మూడు నుంచి ఎనిమిది వారాల పిల్లల్లో రెట్టలో రక్తం పడితే మొదట అనుమానించాల్సింది కాక్సిడియోసిస్. ఇది బ్యాక్టీరియా కాదు, ఐమీరియా అనే ఏకకణ పరాన్నజీవి వల్ల వస్తుంది. వానాకాలంలో తడిసిన పరుపు, ఇరుకు గూడు దానికి అనువైన చోటు. దీనికి వాడే మందు ఆంప్రోలియం, పశువుల మందుల దుకాణాల్లో పొడిగా దొరుకుతుంది. సాధారణ మోతాదు తాగే నీళ్లలో 0.012 నుంచి 0.024 శాతం. అంటే 20 శాతం పొడి అయితే గరిష్ఠ మోతాదుకు లీటరుకు 1.2 గ్రాములు, మూడు నుంచి ఐదు రోజులు. ఈ మందు బి1 విటమిన్‌ను పోలిన రూపంతో పరాన్నజీవిని మోసం చేసి ఆకలికి మాడ్చేస్తుంది. కాబట్టి ఆ రోజుల్లో బలానికని బి కాంప్లెక్స్ కలిపితే మందు పనితనం తగ్గుతుంది. ఈ పొరపాటు చాలామంది చేస్తారు.

యాంటీబయాటిక్స్ దీని మీద గానీ, వైరస్ జబ్బుల మీద గానీ నేరుగా పనిచేయవు. పైగా వాటి అవశేషాలు గుడ్ల ద్వారా ఇంట్లోవాళ్ల కంచంలోకే వస్తాయి. మనుషులకు చివరి అస్త్రంగా దాచుకోవాల్సిన కొలిస్టిన్‌ను కోళ్లకు, పశువులకు వాడకుండా కేంద్రం 2019 జులైలో నిషేధించింది కూడా ఈ భయంతోనే. మందు ఏదైనా, లేబుల్ మీద రాసిన గడువు తీరేవరకు ఆ కోడి గుడ్లు తినకూడదు.

కొక్కెర తెగులు, బర్డ్ ఫ్లూ

పచ్చటి, తెల్లటి పారుడుతో పాటు నోరు తెరిచి శ్వాస తీయడం, కాళ్లూ రెక్కలూ చచ్చుబడటం, మెడ మెలితిరగడం కనిపిస్తే అది కొక్కెర తెగులు కావొచ్చు. 1920ల చివర్లో ఉత్తరాఖండ్ కొండల్లోని రాణిఖేత్‌లో గుర్తించినందుకు మన దేశంలో దానికి ఆ ఊరి పేరే పడింది. బయటి ప్రపంచం న్యూకాజిల్ వ్యాధి అంటుంది. ఈ వైరస్‌కు మందు లేదు. టీకా వేయని మందలో వాడకట్టు మొత్తం ఖాళీ కావొచ్చు.

ఒకేసారి నాలుగైదు కోళ్లు హఠాత్తుగా చనిపోయినా, తల వాచి తురాయి నీలంగా మారినా ఇంటి వైద్యం అక్కడితో ఆపేయాలి. బయటి లక్షణాలను బట్టి కొక్కెరనూ బర్డ్ ఫ్లూనూ వేరుచేయడం పశువైద్యులకే కష్టం. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లోని కోళ్లలో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది. తర్వాతి నెలలో పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల చిన్నారి హెచ్5ఎన్1 సోకి చనిపోయింది. ఆ పాప పచ్చి కోడిమాంసం ముక్క తిన్నట్టు అప్పట్లో వార్తలొచ్చాయి.

జబ్బు కోడిని కోసుకోవడం వద్దనేది ఇందుకే. 70 డిగ్రీలు దాటి బాగా ఉడికితే వైరస్ చస్తుంది, నిజమే. ప్రమాదమంతా అంతకుముందు, కోసేటప్పుడూ ఈకలు పీకేటప్పుడూ పేగులు తీసేటప్పుడూ ఉంటుంది. ఆ పని చేసేది, పక్కన కూర్చుని చూసేది ఎక్కువగా ఆడవాళ్లూ పిల్లలూ. నలతగా ఉన్నదాన్ని సంతలో అమ్మేస్తే జబ్బు ఇంకో పది ఊళ్లకు చేరుతుంది. చచ్చిన కోడిని కాలువలో పడేయకుండా, కుక్కలు తవ్వలేనంత లోతున సున్నం చల్లి పూడ్చాలి. మూకుమ్మడిగా చస్తుంటే ముట్టుకోకుండా ముందు పశువుల ఆస్పత్రికి చెప్పాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య వాహనాల కోసం 1962 నంబరుకు ఫోన్ చేయొచ్చు.

కొక్కెరకు టీకా ఒక్కటే అడ్డుకట్ట. పిల్లలకు మొదటి వారంలో లసోటా చుక్క కంట్లో గానీ ముక్కులో గానీ వేస్తారు, దాదాపు ఎనిమిది వారాల వయసులో ఆర్2బి సూది వేస్తారు. మరీ చిన్న పిల్లలకు ఆర్2బి వేస్తే జబ్బు చేస్తుంది, తొందరపడకూడదు. చిక్కల్లా సీసాతోనే. ఒక్కో సీసాలో వందకు తక్కువ కాకుండా డోసులు ఉంటాయి. కలిపాక గంట, రెండు గంటల్లో వాడేయాలి, అప్పటిదాకా ఐసు మీద ఉంచాలి. ఎనిమిది కోళ్లున్న ఇంటికి అది దండగనిపిస్తుంది. వీధిలో పది, పదిహేను ఇళ్లవాళ్లు ఒక రోజు అనుకుని, చీకటి పడి కోళ్లు గూళ్లకు చేరాక అందరివీ ఒకేసారి వేయిస్తే సీసా వృథా కాదు, కోళ్లను వెంటపడి పట్టుకునే శ్రమా ఉండదు.