పగడం నుంచి దవడ దాకా

పోర్ట్ బ్లెయిర్ (నేటి శ్రీ విజయపురం)లో కొలువు చేసే రోజుల్లో నార్త్ బే పగడపు దిబ్బలు చూసి మురిసిపోయేవాణ్ణి. వాటికీ మన దవడ ఎముకకూ చుట్టరికం ఉందని తర్వాతే తెలిసింది.

1967లో అమెరికా సైన్యపు కల్నల్ ఒకాయన ఫ్లోరిడా ఆచార్యుడు లారీ హెంచ్‌ను అడిగారట: వియత్నాంలో గాయపడ్డ జవాన్ల ఒళ్ళు ఒప్పుకునే పదార్థం చెయ్యలేరా అని. 1969లో బయోగ్లాస్ పుట్టింది. అది ఎముకకు అతుక్కుంది. 1974లో డెల్లా రాయ్ బృందం పగడపు సున్నాన్ని ఎముకలో ఉండే హైడ్రాక్సీఅపటైట్ తరహా ఖనిజంగా మార్చింది. పగడంలోని సన్నని రంధ్రాలు అలాగే నిలిచాయి. కొత్త ఎముక వాటిలోకి పాకుతుంది.

దవడలో చిన్న గుంతలకు ఇలాంటి గుళికలు చాలు. తూటాకు దవడ ముక్కే ఎగిరిపోతే మాత్రం నేటికీ సొంత కాలి ఎముకో, తుంటి ఎముకో తెచ్చి అతకడమే ముఖ్యమైన దారి.

మన చట్టం పగడాలను కోయనివ్వదు. ప్రయోగశాల పదార్థం ఉండగా ఆ అవసరమూ లేదు. ఒక సైనికుడి ప్రశ్న జవాన్లకే కాదు, చిగుళ్ళు చెడిన మనలాంటి పెన్షనర్లకూ అక్కరకొచ్చింది!