క్రైస్లర్

క్రైస్లర్ అమెరికాలో ఫోర్డ్, జనరల్ మోటార్స్‌లతో కలిపి ‘బిగ్ త్రీ’గా పేరుపడిన కార్ల తయారీ సంస్థ. మాక్స్‌వెల్ కంపెనీని పునర్వ్యవస్థీకరించి వాల్టర్ పి. క్రైస్లర్ 1925 జూన్ 6న దీనిని స్థాపించాడు. 1928లో డాడ్జ్‌ను కొనుగోలు చేసింది. ప్లిమత్, డిసోటో బ్రాండ్లు కూడా అదే ఏడాది వెలువడ్డాయి.

తొలి దశాబ్దాల్లో సంస్థకు ప్రతిష్ఠ తెచ్చింది ఇంజనీరింగే. 1924 నాటి తొలి క్రైస్లర్ కారులోనే నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకులు ఉండేవి. గాలి నిరోధం తగ్గించేలా మలచిన 1934 నాటి ఎయిర్‌ఫ్లో కాలానికి ముందున్న రూపకల్పన. అమ్మకాల్లో మాత్రం విఫలమైంది. 1970లలో నాణ్యత లోపాలు, వరుస రీకాల్స్ ఆ పేరును దెబ్బతీశాయి. దివాలా అంచుకు చేరిన సంస్థకు 1980 జనవరిలో అమెరికా ప్రభుత్వం 150 కోట్ల డాలర్ల వరకు రుణ హామీ ఇచ్చింది. లీ అయకోకా నాయకత్వంలో ఆ రుణాలు 1983లోనే, గడువుకు ఏడేళ్ల ముందే తీరాయి. ఈ పునరుజ్జీవనం అమెరికా పారిశ్రామిక చరిత్రలో ప్రముఖ ఘట్టం. 1987లో జీప్ బ్రాండ్ కూడా సంస్థ చేతికి వచ్చింది.

క్రైస్లర్ 1998లో జర్మన్ కార్ల సంస్థ డైమ్లర్‌తో విలీనమై, 2007లో విడిపోయి, 2009 ఏప్రిల్ 30న దివాలా రక్షణ కోరి, ఇటలీ కార్ల సంస్థ ఫియట్ నియంత్రణలోకి వెళ్లింది.

భారత్‌లో 1947 నుంచి ప్రీమియర్ ఆటోమొబైల్స్ బొంబాయిలో డాడ్జ్, ప్లిమత్ కార్లను అసెంబుల్ చేసింది. 2020 డిసెంబరులో మాతృసంస్థ ఫియట్ క్రైస్లర్ 15 కోట్ల డాలర్ల పెట్టుబడితో హైదరాబాద్‌లో డిజిటల్ హబ్‌ను ప్రకటించింది. 2021 జనవరి 16 నుంచి క్రైస్లర్ స్టెలాంటిస్ అనే కార్ల తయారీ సంస్థలో భాగం.