బవర్స్ కట్టిన తాడు

1911 జూలై 22న అంటార్కిటికాలోని కేప్ క్రోజియర్ దగ్గర ముగ్గురు మనుషుల గుడారాన్ని గాలి ఎత్తుకుపోయింది. అక్కడ అది నడి చలికాలం, పట్టపగలు కూడా చీకటే. వాళ్ళు బయల్దేరిన కేప్ ఇవాన్స్ అక్కడికి సుమారు 67 మైళ్ళు. ఆ దూరం రావడానికే 19 రోజులు పట్టింది. దారిలో చలి సున్నాకు దిగువన 60 డిగ్రీలు దాటింది. గుడారం లేకుండా అదే దారిన తిరిగి వెళ్ళడమంటే చావుకు ఎదురెళ్ళడమే.

విల్సన్, బవర్స్, చెర్రీ గరార్డ్. కెప్టెన్ స్కాట్ దళంలోని ఈ ముగ్గురూ అంత దూరం వచ్చింది ఎంపరర్ పెంగ్విన్ గుడ్ల కోసం. పిండదశలోని పక్షిని పరీక్షిస్తే పక్షుల పుట్టుపూర్వోత్తరాలు తెలుస్తాయని ఆనాటి ఆశ. ఐదు గుడ్లు దొరికాయి, రెండు పగిలిపోయాయి. మిగిలిన మూడింటి కోసం ముగ్గురు ప్రాణాలొడ్డారు.

కొండగట్టు చాటున రాళ్ళతో గోడలు పేర్చి, స్లెడ్జిని దూలంగా వేసి, పైన కాన్వాసు పరిచి చిన్న గుడిసె కట్టుకున్నారు. కప్పు లేవకుండా దాని మీద మంచు పలకలు పెట్టారు. జాగ్రత్తలో లోపం లేదు, చోటే మోసం చేసింది. గట్టు మీదుగా దూకిన గాలి కప్పును కిందికి అదమలేదు, పైకి పీల్చింది. పెట్టిన బరువు ఎందుకూ చాలలేదు. మొదట పక్కనున్న గుడారం పోయింది. మర్నాడు మధ్యాహ్నం గుడిసె కప్పు కూడా పీలికలై ఎగిరిపోయింది. ఆ రోజు విల్సన్ పుట్టినరోజు, 39 నిండాయి. ముగ్గురూ నిద్రసంచుల్లో దూరి, మంచు మీద కప్పుతుంటే పాటలు పాడుకుంటూ పడి ఉన్నారు. ధైర్యమనడానికి నాకు నోరు రాదు. అంతకుమించి చెయ్యడానికి అక్కడేమీ లేదు.

గాలి తెరిపిచ్చాక వెతుక్కుంటూ వెళితే, వాలు దిగువన, దాదాపు అర మైలు అవతల, గుడారం దొరికింది. చిరగలేదు. దాని వెదురు గడలన్నీ పైకొసన ఒకటిగా బిగించి ఉంటాయి. నేల వదలగానే అవి ముడుచుకుని మూసిన గొడుగులా అయిపోయాయి, గాలికి పట్టు చిక్కలేదు.

మళ్ళీ వేసినప్పుడు ఆ గుడారాన్ని నేలకు ఎలా పట్టి ఉంచారో చూడండి. దాని అడుగు అంచున వెడల్పాటి గుడ్డ చుట్టూ నేలమీద పరుచుకుంటుంది. గుడారాన్ని కాపాడేది ఆ గుడ్డే. దాని మీద మంచు దిమ్మలు, సామాను, మోయగలిగినంత బరువు పేర్చారు. గాలి లోపలికి దూరేందుకు సందు లేకుండా చేశారు. బవర్స్‌కు అదీ చాలలేదు. గుడారం కొసకు తాడు కట్టి, రెండో కొస తన దగ్గర బిగించుకుని పడుకున్నాడు. ఈసారి ఇది పోతే దీంతో పాటు నేనూ పోతానన్నాడు. పొట్టివాడు, గట్టివాడు, రాయల్ ఇండియన్ మెరీన్‌లో పనిచేసిన నావికుడు. తాడు ముడి విలువ అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆగస్టు మొదట్లో ముగ్గురూ ప్రాణాలతో కేప్ ఇవాన్స్ చేరారు.

ఆ తర్వాత దక్షిణ ధ్రువయాత్ర. చివరి దశకు నలుగురిని అనుకుని, 1912 జనవరి మొదట్లో స్కాట్ బవర్స్‌ను ఐదోవాడిగా చేర్చుకున్నాడు. తిండి కట్టిందీ, గుడారం కుట్టిందీ నలుగురి లెక్కకే. బవర్స్‌కు స్కీలు కూడా లేవు, మిగతా నలుగురూ జారుతూ సాగితే అతను మంచులో కాలినడకన నడిచాడు. జనవరి 17న ధ్రువానికి చేరారు. అక్కడ ఇంకొకరి గుడారం ఉంది. నెల రోజులు ముందే వచ్చిన అముండ్‌సెన్ నిలబెట్టి వెళ్ళినది, పైన నార్వే జెండాతో.

తిరుగుదారి గురించి ఎక్కువ చెప్పలేను. ఫిబ్రవరి 17న ఆ ఐదుగురిలో ఒకడైన ఎడ్గర్ ఇవాన్స్ పోయాడు. డిపోల్లో దాచిన డబ్బాల్లోంచి కిరోసిన్ తరిగిపోయింది. కిరోసిన్ లేకపోతే మంచు కరగదు, మంచు కరగకపోతే తాగడానికి నీళ్ళుండవు. మార్చి నడుమ మరో సహచరుడు ఓట్స్, తన కాళ్ళు ఇక మిగతావాళ్ళకు బరువని తెలిసి, గుడారంలోంచి తుఫానులోకి నడిచి వెళ్ళిపోయాడు. ముగ్గురు మిగిలారు: స్కాట్, విల్సన్, బవర్స్.

వన్ టన్ డిపోకు 11 మైళ్ళ ఇవతల చివరిసారి గుడారం వేశారు. ఆ డిపోను మొదట 80 డిగ్రీల అక్షాంశం దగ్గర పెట్టాలనుకున్నారు. గుర్రాలు నీరసించడంతో 30 మైళ్ళ పైచిలుకు ఉత్తరానే దింపేశారు. అనుకున్నచోటే పెట్టి ఉంటే ఆ చివరి గుడారానికి ముందే వాళ్ళు దాన్ని చేరేవాళ్ళు. మార్చి 10 వరకు ఆ డిపో దగ్గర కుక్కలతో కాచుకుని వెనుదిరిగినవాడు మరెవరో కాదు, చెర్రీ గరార్డ్. తనకిచ్చిన ఆదేశాలను అతను తప్పలేదు. అయినా 1959లో పోయేదాకా ఆ పదకొండు మైళ్ళు అతన్ని వదల్లేదు.

స్కాట్ డైరీలో చివరి తేదీ మార్చి 29.

చలికాలం గడిచాక, 1912 నవంబర్ 12న వెతుకుబృందం అక్కడికి చేరింది. సామాను లాగుతూ వెంట వచ్చినవి మన హిమాలయాల్లో తర్ఫీదు పొందిన కంచర గాడిదలు. లాల్ ఖాన్, గులాబ్, బేగం అనే పేర్లు ఆ మంచులో పిలిచినవాళ్ళున్నారంటే నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. మంచులో పూడి పైకొస మాత్రం కనిపించిన గుడారాన్ని తవ్వి చూశారు. చక్కగా వేసి ఉంది. చలికాలమంతా వీచిన గాలులన్నిటికీ ఒక్క గడ కదల్లేదు. లోపల విల్సన్, బవర్స్ స్కాట్‌కు చెరోపక్కా ఉన్నారు. క్రోజియర్‌లో గుడారం పోయి, వాళ్ళు బతికారు. ఇక్కడ గుడారం నిలిచింది.

బృందంలో చెర్రీ కూడా ఉన్నాడు. వెదురు గడలు లాగేసి, గుడ్డను ముగ్గురి మీదికి దించి, పైన మంచుగుట్ట పేర్చి, స్కీలతో శిలువ నిలబెట్టారు. స్లెడ్జి మీద 16 కిలోల రాళ్ళు దొరికాయి, చివరిదాకా పారేయకుండా లాక్కొచ్చినవి. వాటిలో గ్లాసాప్టెరిస్ శిలాజాలున్నాయి, మన గోండ్వానా బొగ్గు పొరల్లో కనిపించే అదే మొక్క. క్రోజియర్ గుడ్లు మూడూ లండన్ మ్యూజియానికి చేరాయి, ఆశించిన రుజువు మాత్రం వాటిలో దొరకలేదు. అంటార్కిటికాలో ఈనాటికీ పరిశోధకులు వాడే పిరమిడ్ గుడారాన్ని స్కాట్ టెంట్ అనే పిలుస్తారు. అడుగున వెడల్పాటి గుడ్డ అంచు దానికీ ఉంది, దాని మీద ఇప్పటికీ మంచే పోస్తారు.